ధ్వజభంగం : ఒక మాట వెనుక చరిత్ర

ఆయుర్వేదంలో ఒక వ్యాధికి 'ధ్వజభంగం' అని పేరు. ధ్వజమంటే జెండా. పురుషాంగానికి అది సంకేతనామం. యుద్ధభూమిలో రథం మీది జెండా ఒరిగితే సేన కలవరపడుతుంది. అయినా జెండా ఒరిగినంత మాత్రాన రథికుడు మరణించాడని అర్థం కాదు. దానిని మళ్ళీ నిలబెట్టవచ్చు. ఈ పేరు పెట్టిన పూర్వవైద్యుని మనస్సులో ఇంత ఆలోచన ఉన్నదో లేదో కాని, ఆ మాటలో మాత్రం ఒక ఊరట ఉన్నది. తరువాతి కాలంలో మనం ఆ ఊరటను పోగొట్టుకున్నాము. నేడు లోకవ్యవహారంలో దీనికి మిగిలిన మాట 'నపుంసకత్వం'. పుట్టుకతో వచ్చినదానికీ, దెబ్బ తగిలి వచ్చినదానికీ, ముదిమి వల్ల వచ్చినదానికీ, ఒక రాత్రి అలసట వల్ల కలిగి మరునాటికి పోయేదానికీ అన్నింటికీ అదే మాట. వ్యాధి కంటె ఈ మాటే ఎక్కువమందిని కృంగదీసింది. అందుచేత ఈ విషయం సభామర్యాదకు తగునా అన్న శంకను ప్రక్కన బెట్టి, దీని చరిత్రను చదువరుల ముందు ఉంచుతున్నాను.

పూర్వులు ఈ లోపానికి వాడిన సామాన్యనామం 'క్లైబ్యం'. చరకసంహిత చికిత్సాస్థానం ముప్పదవ అధ్యాయంలో క్లైబ్యం నాలుగు విధాలని చెప్పబడింది. బీజోపఘాతం వల్ల కలిగేది, ధ్వజభంగం వల్ల కలిగేది, జర వల్ల కలిగేది, శుక్రక్షయం వల్ల కలిగేది. ఇందులో మొదటిదానికి చెప్పిన కారణాలను చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. రూక్షమైన తిండి, చాలీచాలని తిండి, అజీర్ణం మొదలైన వాటితో పాటు శోకం, చింత, భయం, త్రాసం అనే నాలుగింటినీ వరుసగా పేర్కొన్నారు. వాటికి తోడు 'అవిస్రంభం' అనే మరొక కారణాన్ని చేర్చారు. విస్రంభమంటే నమ్మకం, చనువు. దంపతుల నడుమ నమ్మకం కుదరకపోవడం కూడ శరీరవ్యాధికి హేతువని అన్ని శతాబ్దాల క్రిందటనే గుర్తించారన్నమాట. అదే గ్రంథం సూత్రస్థానంలో, పుష్టినిచ్చే వృష్యద్రవ్యాలన్నింటి కంటె సంకల్పం గొప్పదనీ, దానిని చెడగొట్టేవాటిలో దౌర్మనస్యాన్ని మించినది లేదనీ తేల్చారు.

సుశ్రుతుడు ఇంకొక అడుగు ముందుకు వేశాడు. చికిత్సాస్థానం ఇరువది ఆరవ అధ్యాయంలో క్లైబ్యాన్ని ఆరు విధాలుగా విభజించి, అన్నింటికంటె ముందు మానసక్లైబ్యాన్ని నిలిపాడు. కోరికతో ఉన్న మనస్సుకు అప్రియమైన భావమేదో తగిలి గాయపడినప్పుడు, లేదా ఇష్టం లేని కలయికలో, ఇది కలుగుతుందన్నాడు. తక్కినవి ఆహారదోషం వల్ల, అతిభోగం వల్ల, అంగరోగం లేక మర్మచ్ఛేదం వల్ల, పుట్టుక వల్ల, బలవంతపు నిగ్రహం వల్ల కలిగేవి. వీటిలో పుట్టుకతో వచ్చినదీ, మర్మస్థానం తెగినందువల్ల వచ్చినదీ మాత్రమే అసాధ్యాలనీ, తక్కినవన్నీ సాధ్యాలనీ ఆయన నిర్ణయం. సాధ్యమైనవాటికి చికిత్స ఏమిటి? హేతువిపర్యయం. అంటే, ఏ కారణం వల్ల వచ్చిందో దానికి విరుద్ధమైనది చేయడం. భయం వల్ల వస్తే అభయం, అలసట వల్ల వస్తే విశ్రాంతి, తిండి వల్ల వస్తే తిండి మార్పు.

వాజీకరణమనే పేరుతో ఆయుర్వేదంలో ఒక అంగమే ఉన్నది. దూలగొండి గింజలు, పల్లేరుకాయలు, పెన్నేరు దుంప, మినుములు, పాలు, నెయ్యి అందులో తరచుగా కనబడతాయి. అయితే ఏ మందైనా దేహశుద్ధి తరువాతనే పని చేస్తుందనీ, మాసిన బట్టకు రంగు పట్టదనీ పూర్వులు హెచ్చరించారు. మగ్గాల ఊరైన మా బండారులంకలో ఈ ఉపమానాన్ని ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక ఇతిహాసం వైపు చూద్దాము. మహాభారతంలో అర్జునునికి ఊర్వశి శాపమిచ్చిన కథ తెలియనివారు అరుదు. ఆ శాపానికి ఇంద్రుడు ఒక సంవత్సరం గడువు పెట్టాడు. అజ్ఞాతవాసంలో అర్జునుడు బృహన్నలగా విరాటుని కొలువులో నాట్యం నేర్పాడు. గడువు తీరగానే గాండీవం పట్టాడు. ఈ కథను వైద్యశాస్త్రంగా చదవమని నేననను. కాని, వీరులలో మేటియైన వానికి కూడ అటువంటి ఒక కాలం రావచ్చుననీ, అది గడచిపోతుందనీ, అందువల్ల అతని వీరత్వానికి లోటు రాలేదనీ ఆ కథ విన్న జాతికి తెలిసి ఉండవలసినది. గీత రెండవ అధ్యాయంలో కృష్ణుడు అర్జునుని మందలిస్తూ వాడిన మాట కూడ క్లైబ్యమే. అక్కడ దాని అర్థం పూర్తిగా మనోదౌర్బల్యం.

మరి ఇంతటి వివేకం ఎక్కడ పోయింది? ఒక్కనాట పోలేదు. పదునైదవ శతాబ్దంలో కూచిరాజు ఎఱ్ఱన రతిరహస్యాన్ని తెలుగు చేసి 'కొక్కోకము' రచించాడు. ఆనాడది పండితులు చదివే శాస్త్రం. కాలక్రమంలో ఆ పేరే బూతుకు పర్యాయమైంది. ఆంగ్లప్రభుత్వకాలంలో ఈ మార్పు ముదిరింది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ప్రకటించిన ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను 1911లో నిషేధించారు. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. శృంగారాన్ని గురించి మర్యాదగా మాట్లాడే భాష ఇలా మూతపడుతున్న ఆ రోజులలోనే పత్రికల వెనుక పుటలలో ధాతుపుష్టి మందుల ప్రకటనలు బలిశాయి. శాస్త్రం నోరు మూసుకున్నచోట అంగడి నోరు తెరిచింది.

ఆ ప్రకటనలు రోగాన్ని అమ్మలేదు, భయాన్ని అమ్మాయి. స్వప్నస్ఖలనం జరిగినా, చిన్ననాటి అలవాట్లున్నా ధాతువు నశించిందనీ, మగతనం పోయిందనీ యువకులను నమ్మించాయి. ఈ భయం వల్లనే నీరసం, దిగులు, అంగస్తంభన లోపం కలిగేవారు మన దేశంలో చాలమంది ఉన్నారని గమనించి, డాక్టర్ ఎన్. ఎన్. విగ్ అనే మానసికవైద్యుడు 1960లో దానికి 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. అంతకు ముందే, 1954లో, మందులు, మాయచికిత్సల ప్రకటనలను నియంత్రించే చట్టాన్ని పార్లమెంటు చేసింది. లైంగికశక్తిని పెంచుతామని చెప్పే ప్రకటనలు ఆ చట్టప్రకారం నేరం. అయినా బస్టాండు గోడలను చూసినవారికి ఆ చట్టం ఎంత చక్కగా అమలవుతున్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

తెలుగునాట ఈ మౌనాన్ని గట్టిగా ఛేదించినవారిలో విజయవాడ వాసి డాక్టర్ గోపరాజు సమరం గారిని తలచుకోవాలి. నాస్తికోద్యమనాయకుడు గోరాగారి కుమారులైన వీరు స్వాతి వారపత్రికలో పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు వ్రాసేవారు. పేరు చెప్పుకోలేని వేలమందికి అదే వైద్యశాల. కొందరు ఆ పుటను దాచుకుని చదివేవారు, కొందరు చదివి దాచేవారు. అయితేనేమి, భయపడవలసిన పని లేదన్న ఒక్క మాట వారికి చేరింది.

మన గోదావరి సీమలో ఈ విషయానికి మరొక ముఖం ఉన్నది. నిషేకానికి ముహూర్తం పెడతారు. మూడు నిద్రలని లెక్క కడతారు. నూతనదంపతులు లోపలకు వెళ్ళిన వేళ బయట బంధుజనమంతా మేల్కొనే ఉంటారు. పెండ్లిపనులతో వారం రోజులుగా నిద్ర లేక, ఎదుటి మనిషితో పట్టుమని పది మాటలైనా ఆడని పిల్లవాడు ఆ గడియలో తన పురుషత్వాన్ని నిరూపించుకోవాలి. చరకుడు చెప్పిన చింత, భయం, త్రాసం, అవిస్రంభం నాలుగూ ఒక్క గదిలో కూడుతాయి. ఒక రాత్రి విఫలమైతే రెండవ రాత్రి ఆ వైఫల్యాన్నే తలచుకుంటాడు. మూడవ రాత్రికి అది రోగమని నిశ్చయించుకుంటాడు. గల్ఫు దేశాల నుండి రెండు నెలల సెలవు మీద వచ్చే మన కోనసీమ మగవారి స్థితి కూడ ఇంచుమించు ఇదే. వేచి ఉన్న కాలం ఎక్కువ, చేతిలో ఉన్న రోజులు తక్కువ, ఆశ అధికం.

పెద్దలు తొందరపడేదీ ఇక్కడే. పంచాయితీలు, నిందలు, విడాకుల మాటలు. 1955 నాటి హిందూ వివాహచట్టం పన్నెండవ సెక్షను కూడ ఒక రాత్రి వైఫల్యాన్ని లెక్కలోనికి తీసుకోలేదు. పెండ్లినాడు ఉన్న లోపం దావా వేసేనాటి వరకు కొనసాగి ఉండాలని మొదట వ్రాశారు. 1976లో దానిని సవరించి, ఆ లోపం కారణంగా దాంపత్యం అసలు జరగకపోయి ఉండాలన్నారు. చట్టం పాటించిన ఓర్పు చుట్టాలు పాటించకపోవడం విచారకరం.

ఇక ఆధునిక వైద్యం ఏమన్నదో చూద్దాము. అమెరికాలో మాస్టర్స్, జాన్సన్ అనే పరిశోధకులు 1970లో ప్రకటించిన గ్రంథంలో, విఫలమవుతానేమో అన్న భయమే వైఫల్యానికి పెద్ద కారణమనీ, తనను తానే ప్రేక్షకుడిలా గమనించుకునేవాడు తడబడతాడనీ వివరించారు. నిద్రలో ఆరోగ్యవంతుడైన పురుషునికి అంగస్తంభన పలుమార్లు సహజంగా కలుగుతుంది. దానిని కనిపెట్టడానికి 1980లో కొందరు వైద్యులు తపాలా బిళ్ళల పట్టీని అంగం చుట్టూ అంటించి, తెల్లవారి అది చినిగిందో లేదో చూశారు. చినిగితే నరాలూ నాళాలూ బాగున్నట్లే, చిక్కు చాలవరకు మనస్సులోనే ఉన్నట్లు. నేటికీ వైద్యుడు అడిగే మొదటి ప్రశ్నలలో ఒకటి, వేకువజామున స్తంభన కలుగుతున్నదా అని. 1992లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలు జరిపిన సదస్సు, నింద ధ్వనించే పాత ఆంగ్లపదాన్ని విడిచి 'అంగస్తంభన లోపం' అనే అర్థం వచ్చే పదాన్ని వాడమని సూచించింది. మాట మారాలని వారికీ తోచిందన్నమాట.

భయానికీ అంగానికీ సంబంధమేమిటి? కోరిక కలిగినప్పుడు నరాల చివరల నుండి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది. దానివల్ల అంగంలోని మెత్తని కండరం సడలి, ధమనులు విప్పారి, రక్తం నిండుతుంది. భయపడినప్పుడు పుట్టే అడ్రినలిన్ ఆ కండరాన్నే బిగిస్తుంది. సడలవలసినది బిగుసుకుంటే రక్తం చేరదు. నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాలలో చేసే పనిని కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. గుండెనొప్పికని తయారైన సిల్డెనఫిల్ అనే మందు ఈ లోపానికి పనికి వస్తుందని తేలి, వయాగ్రా పేరుతో అమెరికాలో అనుమతి పొందినది కూడ ఆ సంవత్సరమే. మన దేశపు కంపెనీలు 2001 నుండి దానిని చవకగా అమ్మసాగాయి. ఈ మాత్ర కోరికను పుట్టించదు, ఉన్న కోరికకు దారి సుగమం చేస్తుంది. సంకల్పమే ప్రధానమన్న చరకుని మాట ఇక్కడ కూడ చెల్లుతూనే ఉన్నది.

తాత్కాలికంగా ఈ లోపం కలగడానికి కారణాలు అనేకం. అలసట, నిద్రలేమి, మద్యం, దిగులు, భార్యాభర్తల కలహం, ఆప్తుల మరణం, అప్పుల బాధ, కొన్ని రక్తపోటు మాత్రలు, కొన్ని మానసికవ్యాధి మాత్రలు. కారణం తొలగితే లోపం తొలగుతుంది. మాత్రల వల్ల అనుమానం కలిగితే వాటిని తామే మానరాదు, వైద్యునికి చెప్పి మార్పించుకోవాలి. దంపతులు కొన్నాళ్ళు కలయిక అనే పరీక్షను ప్రక్కన పెట్టి, చనువు పెంచుకోవడం మంచి చికిత్స. మాస్టర్స్, జాన్సన్ చెప్పిన పద్ధతి అదే, విస్రంభమంటే అదే.

కొన్ని నెలలైనా తగ్గకపోతే మాత్రం ఉపేక్షింపరాదు. మధుమేహం, రక్తపోటు, పొగత్రాగుడు రక్తనాళాలను పాడుచేస్తాయి. అంగంలోని ధమనులు గుండె ధమనుల కంటె సన్ననివి కనుక పూడిక అక్కడ ముందుగా బయటపడుతుంది. గుండెజబ్బుకు ఇది ముందస్తు హెచ్చరిక కావచ్చు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 40 నుండి 70 ఏండ్ల మగవారిని పరిశీలించి 1994లో ప్రకటించిన అధ్యయనంలో 52 శాతం మందికి ఎంతో కొంత లోపం కనబడింది. కనుక వైద్యుని ముందు సిగ్గుపడనక్కరలేదు. ఆయన ఆనాటికి చూసిన రోగులలో మీరు మొదటివారు కారు.

ఒక్క హెచ్చరిక తప్పదు. గుండెనొప్పికి సార్బిట్రేట్ వంటి నైట్రేటు మాత్రలు వాడేవారు సిల్డెనఫిల్ జాతి మందులను తాకరాదు. రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. ప్రాణానికే ముప్పు. రోడ్డు ప్రక్క గుడారాలలో మూలికలని అమ్మే గుళికలలో ఈ మందునే రహస్యంగా కలుపుతున్నట్లు పరీక్షలలో అనేకమార్లు బయటపడింది. మూలిక కదా, హాని లేదనుకుని మ్రింగిన హృద్రోగి గతి ఏమిటో ఊహించుకోండి.

నేతగాడు పోగు తెగితే మగ్గాన్ని తిట్టడు. కొసలు రెండూ చేతిలోకి తీసుకుని ముడి వేసి, నేత సాగిస్తాడు. తెగిన పోగును చూసి బట్టే పాడైపోయిందని ప్రక్కింటివారు కేకలు వేయరు. పెండ్లికెదిగిన కుమారులున్న తండ్రులకు, అల్లుళ్ళు వచ్చే ఇండ్ల పెద్దలకు నా మనవి ఒక్కటే. నపుంసకుడన్న మాటను నాలుక మీదికి రానీయకండి. సుశ్రుతుడు అసాధ్యాలు రెండే అన్నాడు. తక్కినవాటిని మనం మాటతో అసాధ్యాలు చేయవద్దు.

స్వస్తి.