సూక్ష్మదర్శినియు లోతును గూర్చిన శోధనయు

సూక్ష్మదర్శిని చరిత్రమును వ్రాయువారు సామాన్యముగా చిన్నవస్తువును పెద్దదిగా చూపిన ఘనతనే వర్ణింతురు. లోతును స్పష్టముగా చూపుటకు జరిగిన కృషి అంతగా ప్రచారమునకు రాలేదు. జీవకణమునకు పొడవు వెడల్పులతోపాటు మందమును కలదు. ఆ మందమున ఏది పైనున్నది, ఏది క్రిందనున్నది తెలియనిచో కణనిర్మాణము సగమే తెలిసినట్లు.

1873లో జర్మనీయందలి యేనా నగరమున ఎర్నస్ట్ ఆబె, కాంతి తరంగదైర్ఘ్యములో సుమారు సగముకంటె దగ్గరగానున్న బిందువులను కటకము విడదీసి చూపజాలదని ప్రకటించెను. అడ్డముగా ఈ హద్దు రమారమి 200 నానోమీటర్లు. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. లోతున నది 500 నానోమీటర్లకును మించును. కటకము ఒకవైపునుండియే కాంతిని గ్రహించుటచే నాభియందలి వెలుగు గుండ్రముగా నుండక వడ్లగింజవలె నిలువున సాగుటయే దీనికి కారణము.

మెదడులోని నాడీకణముల అల్లికను చూడగోరిన అమెరికా యువకుడు మార్విన్ మిన్‌స్కీ 1955 ప్రాంతమున ఒక ఉపాయము కనుగొనెను. వస్తువునందు ఒక్క బిందువునే వెలిగించి, అచ్చటినుండి వచ్చు కాంతిని సూదిరంధ్రముగుండా పోనిచ్చినచో, ఇతర లోతులనుండి వచ్చు మసక వెలుగు చాలవరకు ఆగిపోవును. 1957లో కోరిన పేటెంటు 1961లో లభించెను. కాని తగిన లేజరులు, కంప్యూటరులు అప్పటికి లేనందున 1980ల చివరివరకు ఈ పద్ధతి ప్రయోగశాలలలో విరివిగా వ్యాపింపలేదు. వ్యాపించిన పిదపను వడ్లగింజ కొంత చిక్కినదేగాని గుండ్రము కాలేదు.

ఆ కొరతను తీర్చబూనినవాడు స్టెఫాన్ హెల్. ఇతడు 1962లో రుమేనియా పశ్చిమభాగమున, తరతరములుగా అచ్చట స్థిరపడిన జర్మన్ భాషీయుల కుటుంబమున జన్మించెను. 1978లో ఆ కుటుంబము పశ్చిమ జర్మనీకి తరలిపోయెను. హైడెల్‌బర్గులో 1990లో డాక్టరు పట్టము పొందిన హెల్, వస్తువునకు ఇరువైపుల రెండు కటకములను ఎదురెదురుగా నిలిపి, వాని కాంతితరంగములను ఒకేచోట కలిపెను. అంతట లోతున హద్దు సుమారు 100 నానోమీటర్లకు తగ్గెను. ప్రక్కన ఏర్పడు అదనపు వెలుగుచుక్కలను గణితముచే తొలగింపవలసి వచ్చెను. పూర్ణగోళపు ఘనకోణమునుబట్టి ఈ పద్ధతికి ‘ఫోర్-పై’ యని పేరు.

2008లో షియావోవీ జువాంగ్ బృందము స్తూపాకార కటకమును చేర్చి, ఒక్కొక్క అణువు ప్రతిబింబము ఎటు సాగినదో చూచి దాని లోతును 50, 60 నానోమీటర్లవరకు నిర్ణయించెను. ఆబె హద్దును దాటు మార్గములను చూపినందుకు 2014లో హెల్, ఎరిక్ బెట్‌జిగ్, విలియం మోర్నర్ అనువారికి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

ఫోర్-పై పద్ధతి ఆబె సూత్రమును త్రోసివేయలేదు. ఒకవైపునుండి మాత్రమే చూచుటవలన కలిగిన లోపమును రెండవవైపు కాంతితో పూరించినది.