బాగాయత్ భూమి ఎవలది?

మంటకు జర ఎడం జరుగుండ్రి, నిప్పురవ్వలు ఎగురుతున్నయి. ఉప్పల్ మెట్రో దిగి ఇంటికొచ్చే తొవ్వల ఉన్న జాగలన్నీ మనయేనా అని అడిగిన్రు గద. అన్నీ మనయి కావు బిడ్డా. మనయి అనుకున్నయి గూడ కాయిదం మీద చానా ఏండ్లు మనయి కావు. గది చెప్పాలంటే మా నాయిన కాలం కెళ్లి మొదలువెట్టాలె.

నిజాం రాజ్యంల పట్నం చుట్టూ ఉన్న ఊర్లను అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా అంటుండ్రి. సర్ఫ్-ఎ-ఖాస్ భూములవి. ఆ శిస్తు సర్కారు ఖజానాకు కాదు, నిజాం సొంత ఖజానాకు పోతుండె. నడుమ నడుమ జాగీర్లు. గా ఆడిక్‌మెట్ ఉన్నది సూడు, ఉస్మానియా యూనివర్సిటీ దిక్కు, అది ఒకప్పుడు మాహ్ లఖా బాయి అనే కవయిత్రికి ఇచ్చిన జాగీరు. మౌలాలి గుట్ట కింద ఆమె సమాధి ఉన్నది. అంటే ఒక పాట పాడే ఆడామెకు ఊర్లకు ఊర్లు రాసిచ్చిన రాజ్యంల, నాగలి పట్టినోని పేరు మీద ఒక్క గుంట రాసి లేకుండె. ఆమె మీద నాకేం కోపం లేదు. ఆమె గొప్పదే. లెక్క చెప్తున్న అంతే.

మరి మాకేముండె? గీడ జర నిమ్మళంగ వినుండ్రి.

ఆస్తి అంటే మొదలు ఎడ్లు. ఎడ్లు లేనోనికి కౌలుకు గూడ భూమి ఇయ్యకపోదురు. ఎడ్ల తర్వాత బావిల వంతు. మా బావి నలుగురి పాలుది. పొద్దు పొడవక ముందే మోట కట్టాలె. తోలు బొక్కెన, దాని కింద తొండం, మీద గిరక, ఎడ్లు దిగుబాట్ల దిగుతుంటే మోకు మీద కూసున్నోడు బరువు పెడుతుండె. ఈ రోజు నాయినది, రేపు పెద్దనాయినది, ఎల్లుండి ఇంకొకలది. అన్నదమ్ములు వేరు పడ్డప్పుడు భూమి కంటె గీ వంతు కాడ్నే ఎక్కువ లొల్లి. భూమి పంచుకోవచ్చు, గొలుసు పట్టి కొలిస్తే అయిపాయె. ఎండకాలం బావిల మోకాలి లోతు నీళ్లుంటే వాటిని ఎట్ల పంచుతవు?

పెంటకుప్ప గూడ ఆస్తే. నవ్వకుండ్రి. ఇంటెనుక పెంటకుప్ప ఎంత పెద్దగుంటే పిల్లనిచ్చేటోళ్లు అంత తృప్తి పడుతుండ్రి. అంటే పసులున్నయన్నట్టు, చెలక బలంగ ఉన్నదన్నట్టు. తాటిచెట్లు, ఈతచెట్లు మా గెట్టు మీదున్నా కల్లు మీద హక్కు మాది కాదు, ఆబ్కారీది. చెట్టు నీడ మాత్రం మాది.

పంట కళ్లంకొచ్చినంక ఆస్తి అంటే ఏందో ఇంకా తేటగ కనవడుతుండె. ఎడ్లతోటి బంతి తిప్పి, తూర్పారబట్టి, వడ్లు రాశి పోసేటాలకు అందరొచ్చి నిలవడుదురు. నీరటికి ఇంత, ఎందుకంటే చెరువు తూము తెరిచేది మూసేది ఆయనే, మొనగాడైనా ఇంకొకడు దాని మీద చెయ్యెయ్యొద్దు. కమ్మరికి, వడ్లాయనకు, మంగలికి, చాకలికి, కుమ్మరికి వాళ్ల వాళ్ల మేర. భూమిగలాయన పాలు. మా ఇంట్ల గుమ్మి నిండితే ఏడాది గడిచినట్టు. యుద్ధం నడిచిన కాలంలనైతే సర్కారు లెవీ గూడ గుంజిందని మా అవ్వ చెప్తుండె. లెవీ కొలిచేటందుకు వచ్చినోళ్లకు కోడిని గూడ కోసి పెట్టాల్నంట.

పట్నం దగ్గరున్నందుకు ఒక్క లాభం. మూసీ ఒడ్డు బాగాయత్, అంటే తోట భూముల పండిన కూరగాయలు బండి కట్టి రాత్రి బయలెల్లితే తెల్లారేవరకు చాదర్‌ఘాట్ దాటి మీరాలం మండికి చేరుతుండె. గింజలు కొట్టుకుపోయినా గీ పైసలుండె చేతుల, హాలీ సిక్కా పైసలు.

పోలీసు యాక్షన్ ఏడాది, 1948ల, నేను అవ్వ సంకల ఉన్న. మరుసటేడు 1949 ఫిబ్రవరిల సర్ఫ్-ఎ-ఖాస్‌ను సర్కారుల కలిపిన్రు, ఆగస్టుల జాగీర్లు రద్దయినయి. అత్రాఫ్ బల్దా పేరు పోయి హైదరాబాద్ జిల్లా అయింది. 1950ల కౌలుదారీ చట్టం వచ్చింది. నాలుగైదేండ్లకు ఖాస్రా పహాణీ రాసిన్రు, 1954-55ల. ఇప్పటికీ భూమి కేసు అంటే వకీలు మొదలు అడిగేది గదే. అండ్ల ఎవని పేరు పడ్డదో వాని పంట పండినట్టే. మా నాయినకు రక్షిత కౌలుదారని రాసిన్రు. కొందరికి రాయలే. ఇంకొందరు దొర పిలిచి బుజ్జగిస్తె, ‘నాకొద్దు’ అని వేలిముద్ర పెట్టి వచ్చిన్రు. రాసేటోడు పట్వారీ, చదివేటోడు పట్వారీ, దస్త్రం గుడ్డల కట్టి ఇంట్ల దాసుకునేటోడూ పట్వారే. 70లల్ల కౌలుదారునికే భూమి రాసిచ్చే 38-ఇ సర్టిఫికెట్ చేతికొచ్చేదాంక మా నాయిన ఆ పట్వారీ ఇంటి ముంగట చెప్పులేసుకొని నడవలే.

నాచారం మా మేనత్త ఊరు. పెద్ద చెరువు కింద వరి, మీద జొన్న, కంది, ఆముదం. చిన్నప్పుడు సెలవులకు పోతే చెరువుల ఈత, కట్ట మైసమ్మ కాడ బోనాలు. 1961ల ఉప్పల్ రోడ్డు మీదికి ఎన్‌జీఆర్‌ఐ వచ్చింది. భూమి మీద ఎవల పేరున్నదో తేలక మేము తన్నుకుంటుంటే, భూమి లోపల ఏమున్నదో చూసేటందుకు సైంటిస్టులు దిగిన్రు! తర్వాత నాచారంల, ఉప్పల్‌ల ఫ్యాక్టరీలు. భూమి పోయినోళ్లల్ల కొందరు గా గేట్ల కాడ్నే వాచ్‌మన్లయిన్రు. ఫ్యాక్టరీ నీళ్లు కలిసినంక చెరువుల ఈత బందు. ఎన్టీ రామారావు గూడ నాచారంలనే స్టూడియో పెట్టిండు. పోరగాళ్లు గోడెక్కి చూస్తుండ్రి. గా రామారావే ముఖ్యమంత్రయి 1984ల పటేల్ పట్వారీలను తీసేసిండు. మా నాయిన ఆ రోజు సాయంత్రం ఊరంతా తిరిగొచ్చిండు, కొత్త చెప్పులేసుకొని.

గప్పటికే ఎకరాలు ప్లాట్లయితున్నయి. సాదా బైనామా అంటే ఎరుకేనా? తెల్లకాయిదం, నలుగురు సాక్షులు, వేలిముద్ర. ఆడపిల్ల పెండ్లికో, దవాఖాన ఖర్చుకో అట్ల రాసిచ్చినోళ్లున్నరు. ఒక్క భూమినే ఇద్దరికి రాసిచ్చిన మహానుభావులూ ఉన్నరు, మన చుట్టాలే, పేరెందుకు.

మూసీ సంగతి చెప్పలే. పట్నం మురికంతా అండ్లకొచ్చినంక వరి కంటె గడ్డి ఎక్కువ పెరిగింది. బాగాయత్‌ల మోకాలెత్తు గడ్డి, పాలకూర, తోటకూర. బర్రెలు సాదుకునేటోళ్లకు రోజూ మోపులు పోతుండె. కోసేటోళ్లు ఎక్కువ ఆడోళ్లే. ఆ నీళ్లల్ల నిలవడి కాళ్లు చెడిపోయేవి.

2005 దాటినంక పట్నం అభివృద్ధి సంస్థ హుడా గా బాగాయత్ భూమి తీసుకున్నది. నాగోల్ కాడ మురుగునీళ్ల శుద్ధి ప్లాంటు, మెట్రో డిపో, ఇగ లేఔటు. ఎకరం పోయినోనికి అభివృద్ధి చేసి వెయ్యి గజాల ప్లాటు ఇస్తమన్నరు. ఎకరమంటే 4,840 గజాలు. మొదలు మస్తు కోపమొచ్చింది. ఏండ్లకేండ్లు ఆఫీసుల చుట్టూ తిరిగినం. 2021 డిసెంబర్ వేలంల గక్కడ గజం లక్ష దాటిందని పేపర్ల సదివినంక ఆ కోపం నోరు మూసుకున్నది. మీ నాయినల చదువులు, గీ మూడంతస్తులు, మనం కూసున్న గీ డాబా, అన్నీ గండ్ల కెళ్లే వచ్చినయి. నేను సిగ్గుపడను.

గని ప్లాటు పట్టా ఉన్నోనికే వచ్చింది. గడ్డి కోసిన ఆడోళ్లకు రాలే. మన కాడ ముప్పై ఏండ్లు కౌలు చేసినోళ్లకు రాలే. పాత పహాణీల కనీసం అనుభవదారు, అంటే సాగు చేసేటోడు, అని ఒక ఖానా ఉంటుండె, అండ్లనే మా నాయిన పేరు మొదలు ఎక్కింది. 2017ల రికార్డుల ప్రక్షాళన చేసి కొత్త పాసుబుక్కులు ఇచ్చినప్పుడు గా ఖానానే తీసేసిన్రు. నా పాసుబుక్కుల నా పేరొక్కటే ఉన్నది. తీసుకునేటప్పుడు నేను గూడ ఏం అడగలే.