సత్యభామ పెరటి చెట్టు

దసరా దగ్గర పడింది. ఇంద్రకీలాద్రి మెట్ల మీద రద్దీ పెరిగే ఈ రోజుల్లోనే బెజవాడ ఇళ్ళ ముందు పారిజాతాలు రాలతాయి. సందెవేళ విచ్చి, తెల్లవారేసరికి నేలన పరుచుకునే పువ్వు ఇది. కింద పడ్డ పూలు దేవుడికి పెట్టని మనం ఒక్క పారిజాతానికి మాత్రం ఆ పట్టింపు పెట్టుకోం.

చలిదేశాల వాళ్ళు చిన్న తోటల్లో మురిపెంగా పెంచుకునే లైలాక్ పొదకు ఇది చుట్టం. లైలాక్, మల్లె, పారిజాతం మూడూ ఆలివ్ కుటుంబానివే. లైలాక్ పూయాలంటే గట్టి చలికాలం ఉండాలి, కృష్ణా డెల్టాలో అది దొరకదు. పారిజాతానికి మన ఎండ చాలు.

పారిజాతం మాట పాత పుస్తకాల్లోనూ ఉంది. 1563లో గోవాలో గార్సియా ద ఓర్టా అనే పోర్చుగీసు వైద్యుడు తన పుస్తకంలో ఈ చెట్టు గురించి రాశాడు. 1753లో లిన్నేయస్ దాన్ని శాస్త్ర గ్రంథంలోకి ఎక్కించాడు. అంతకు ముందే, కృష్ణరాయల కొలువులో నంది తిమ్మన పారిజాతాపహరణం చెప్పాడు. నారదుడు తెచ్చిన పువ్వు రుక్మిణికి దక్కిందని సత్యభామ అలగడం, కృష్ణుడు ఇంద్రుడితో పోరాడి చెట్టునే తెచ్చి ఆమె పెరట్లో నాటడం తెలుగువాళ్ళందరికీ తెలిసిన కథ.

ఆ సత్యభామ కృష్ణా జిల్లాలో, మొవ్వ దగ్గర కూచిపూడిలో, ఇప్పటికీ బతికి ఉంది. సిద్ధేంద్రయోగి కూర్చిన భామాకలాపం అనే నృత్యనాటకానికి పారిజాతం అని మరో పేరు. చిత్రమేమిటంటే అందులో చెట్టు కనిపించదు, కనిపించేదంతా భామే. ముందు అడ్డంగా తెర పట్టుకుంటారు. తెర మీదుగా పొడవాటి జడ బయటికి జారుతుంది, తనను ఓడించగలవాళ్ళుంటే రమ్మని సవాలు. తెర తొలగి ఆ గర్వం అడుగులో, చూపులో ఒక్కో మెట్టూ బయటపడుతుంటే చూడాలి! తర్వాత కృష్ణుడితో చెడి, విరహంతో కుంగి, చెలికత్తె మాధవి చేత లేఖ పంపుతుంది. ఆ మాధవి భర్త పేరు చెప్పమని సతాయించి, పనికి ప్రతిఫలంగా ముక్కుపుడక అడుగుతుంది. అంతటి భామ దాని ముందు బతిమాలుకోవడం చూస్తే నవ్వూ వస్తుంది, గుండే కరుగుతుంది.

ఈ సత్యభామ వేషం ఆ ఊరి భాగవతుల కుటుంబాల్లో ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా కట్టాలని సిద్ధేంద్రుడు మాట తీసుకున్నాడని అక్కడివాళ్ళు చెబుతారు. ఆ వేషానికే ప్రాణం పోసినవారు వేదాంతం సత్యనారాయణ శర్మ. 1970లో పద్మశ్రీ అందుకున్నారు, 2012లో కన్నుమూశారు. నా దృష్టిలో తిమ్మన పద్యం కన్నా ఆయన నడకే ఈ చెట్టును తెలుగువాళ్ళకు ఎక్కువ దగ్గర చేసింది.

ఇక మన నేలలో ఈ చెట్టు పెంపకం సంగతి. 1855 నాటి కృష్ణా ఆనకట్టతో డెల్టాలో వరి విస్తరించింది. నల్లరేగడి నేల, చుట్టూ నీరు. నీళ్ళు నిలిస్తే పారిజాతం వేరు కుళ్ళుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి మునిగినప్పుడు ఇలాంటి చెట్లకు బతుకెక్కడ? పెరళ్ళు అపార్ట్‌మెంట్లయ్యాయి, కొత్త ఇళ్ళలో మిగిలింది బాల్కనీయే. అయినా ఇది కుండీలో పెరుగుతుంది. వదిలేస్తే 30 అడుగులు పోయే చెట్టు, పూత అయిపోయాక మాఘఫాల్గుణాల్లో కొమ్మలు కత్తిరిస్తే ఐదారడుగుల పొదగా నిలుస్తుంది. పూసేది కొత్త చిగురు మీదే కనుక కత్తిరింపుతో నష్టం లేదు. అడుగున చిల్లులున్న పెద్ద కుండీ, ఎర్రమట్టిలో ఇసుక, పశువుల ఎరువు, రోజుకు ఐదారు గంటల ఎండ ఉంటే చాలు. వానాకాలంలో కొమ్మ గుచ్చినా, ఎండిన కాయల్లోని గింజ నాటినా మొలుస్తుంది.

నాలుగడుగుల జాగా ఉన్నా ఒక మొక్క పెట్టండి. పొద్దున్నే పూలు ఏరుకోవడానికి వచ్చే పక్కింటి పిల్లల్ని మాత్రం కసరకండి.