మత్తు వదిలేలోపే అయిపోయిన నిర్ణయం

1974లో అమెరికా జర్నలిస్టు రోజ్ కుష్నర్‌కి రొమ్ములో గడ్డ తగిలింది. అప్పటి పద్ధతి ఏంటంటే, మత్తిచ్చి ముక్క తీసి పరీక్షిస్తారు. క్యాన్సరని తేలితే ఆ మత్తులోనే రొమ్మంతా తీసేస్తారు. మెలకువ వచ్చాకే మనిషికి తెలిసేది. కుష్నర్ ఒప్పుకోలేదు. పరీక్షకీ ఆపరేషన్‌కీ మధ్య ఆలోచించుకునే గడువు అడిగారు.

1985లో బెర్నార్డ్ ఫిషర్ బృందం ఫలితాలొచ్చాయి. తొలిదశలో గడ్డ మటుకే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మంతా తీసినా, ఆయుష్షులో తేడా లేదు. అప్పట్నుంచి ఇది డాక్టరొక్కరే తేల్చే విషయం కాదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్లున్నాయి. కేంబ్రిడ్జ్‌లో తయారైన ‘ప్రెడిక్ట్’, ఆపరేషన్ తర్వాత ఏ మందు వాడితే 100 మందిలో ఎంతమంది బతుకుతారో బొమ్మల్లో చూపిస్తుంది.

అలాంటిది సోమందేపల్లి ఆడమనిషి కోసం తయారుచేయాలంటే? రొమ్ము నిలుపుకోవాలంటే వారాల తరబడి, దాదాపు రోజూ రేడియేషన్. బెంగళూరు కిద్వాయ్ అనుకుంటే వంద కిలోమీటర్ల పైనే. కూలి పోతుంది, తోడొచ్చినోళ్ళ కూలీ పోతుంది. “అంతా తీసేయండి సార్, ఒకేసారి అయిపోతుంది” అంటే, ఆ మాట ఆమెదా, దూరానిదా?

ఆ దూరాన్ని కూడా లెక్కలో వేసి, తెలుగులో మాట్లాడుతూ, “ఇంటికెళ్ళి ఆలోచించుకుని రామ్మా” అని పంపేదే నా దృష్టిలో సరైన సాధనం. కుష్నర్ అడిగిందీ ఆ గడువే.