ప్రతిద్రవ్యము, రసాయనము

పెనుకొండ దుర్గపు బండపై కూర్చుండి సేద తీర్చుకొను బాటసారి తన క్రింద ప్రతిద్రవ్యము పుట్టుచున్నదని యెఱుగడు. కొండరాతిలో పొటాసియము కలదు. దాని పరమాణువులలో పదివేలకు సుమారొకటి తనంత తాను క్షయించు జాతిది. అట్టి క్షయములు లక్ష జరిగిన నందొకదానియందు పాజిట్రాను వెలువడును. అది తూకమున ఎలెక్ట్రానుతో సమానము. విద్యుత్తు మాత్రము ఋణమునకు మాఱు ధనము. రాతిలోని యెలెక్ట్రానొకటి దానికి తగిలినంతనే రెండును నశించి గామాకిరణములగును. మన దేహములోని పొటాసియముగూడ నీ పనియే చేయుచున్నది.

ఇట్టి కణముండవలెనని డిరాకు 1931లో గణితమువలన చెప్పెను. 1932లో ఆండర్సను విశ్వకిరణములలో దానిని కనుగొనెను. 1955లో ప్రతిప్రోటానును దొరికెను. అంతట రసాయనశాస్త్రమునకు ప్రశ్న పుట్టినది: ఈ రెండును గూడిన పరమాణువు గుణమెట్టిది? ధర్మవరపు పట్టునకు రంగంటుట మొదలు అన్నము జీర్ణమగుట వఱకు రసాయనమంతయు ఎలెక్ట్రానుల లావాదేవియే. ధనఋణములు రెండును ఒక్కసారిగా తారుమారైనచో వాని నడిమి యాకర్షణ మారదు. కావున ప్రతిపట్టునకు ప్రతిరంగు అట్లే యంటవలెను. గుణము పదార్థమునందు లేదు, పొందికయందున్నదన్నమాట.

తర్కమిట్లున్నను ప్రమాణము కావలెను గదా. 1995లో జెనీవా చెంతనున్న సెర్ను పరిశోధనాలయమున తొమ్మిది ప్రతిహైడ్రోజను పరమాణువులు పుట్టినవి గాని, వాని వేగమువలన పరీక్షకు నిలువలేదు. 2010లో వానిని అయస్కాంతపు ఉచ్చున బంధించిరి. 2018లో లేసరు కాంతితో కొలిచి చూడగా లక్షకోట్లలో రెండు పాళ్ల సూక్ష్మత వఱకు హైడ్రోజనుతో భేదము కానరాలేదు.

నాకింతకంటె వింతయైనది పాజిట్రోనియము. పాజిట్రానును ఎలెక్ట్రానును నశించుటకు ముందు కొన్నియెడల నొకదానిచుట్టు నొకటి తిరుగుచు, కేంద్రకము లేని హైడ్రోజనువలె నుండును. రెండింటి భ్రమణములు ఒకే దిక్కుననున్న జోడునకు శూన్యమున ఆయువు 142 నానోసెకండులు, అనగా సెకండును కోటి పాళ్లు చేసిన నందు ఒకటిన్నర పాలైన లేదు. 1951లో అమెరికాయందు మార్టిన్ డాయిష్ దీనిని వాయువులలో పరీక్షించెను. నైట్రికు ఆక్సైడు కొంచెము చేర్చినంతనే ఆ యాయువు తెగిపోయెను. ఏలన, ఆ వాయువులో జత లేని యెలెక్ట్రానొకటి కలదు. అది పాజిట్రోనియములోని భ్రమణమును మార్చి, వేయిరెట్లు త్వరగా చచ్చు జాతిగా చేయును. ప్రతిద్రవ్యము భౌతికశాస్త్రమువారి సొత్తని రసాయనాచార్యులు ఊరకుండరాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? 1992లో డెన్మార్కున అది హైడ్రోజనుతో గూడి సమ్మేళనమగుటయు కనబడినది. నేడు ప్లాస్టికులలో కంటికందని రంధ్రముల పరిమాణమును ఈ యల్పాయువు కొలతవలననే తెలిసికొనుచున్నారు: రంధ్రమెంత పెద్దదైన పాజిట్రోనియమంత సేపు బ్రతుకును.