పాత కార్లలో హెడ్‌లైట్ల మార్పిడి

పాత కార్లలో హెడ్‌లైట్ల మార్పిడి అనగా పూర్వపు సీల్డ్ బీమ్ దీపాలను తొలగించి, వాటి స్థానంలో హాలోజెన్ బల్బు అమర్చే దీపాలను బిగించడం. హిందుస్తాన్ అంబాసిడర్ పాత నమూనాల వంటి, 7 అంగుళాల గుండ్రని దీపాలు గల కార్లలో ఈ మార్పిడి సులభం. అయితే కొత్త దీపాలు కూడా మసకగానే వెలుగుతుంటే, లోపం తరచుగా బల్బులో కాక, దానికి కరెంటును చేరవేసే పాత తీగలు, స్విచ్చులు, ఎర్త్ కలయికలలో ఉంటుంది.

నేపథ్యం

సీల్డ్ బీమ్ దీపంలో ఫిలమెంటు, పరావర్తకం, ముందరి గాజు అన్నీ ఒకే భాగంగా ఉంటాయి. ఫిలమెంటు తెగితే దీపాన్నంతటినీ మార్చాలి. అమెరికాలో ఇవి 1940 నమూనా కార్లతో వాడుకలోకి వచ్చాయి. 1971లో వచ్చిన హెచ్4 హాలోజెన్ బల్బులో డిప్‌కు 55 వాట్లు, బ్రైట్‌కు 60 వాట్ల ఫిలమెంట్లు ఉంటాయి. 7 అంగుళాల సీల్డ్ బీమ్‌కు వాడే మూడు పిన్నుల సాకెట్టే దీనికీ సరిపోతుంది. అందువలన పాత తీగలను మార్చకుండానే కొత్త దీపాన్ని తగిలించడం పరిపాటి.

కరెంటు, కాంతి

అనేక పాత బ్రిటిష్ నమూనా కార్లలో దీపాల కరెంటు మొత్తం డాష్‌బోర్డు స్విచ్చు, డిప్ స్విచ్చుల గుండా ప్రవహిస్తుంది. కొన్నింటిలో ఈ వలయానికి ఫ్యూజు కూడా ఉండదు. 12 వోల్టుల వద్ద రెండు 60 వాట్ల ఫిలమెంట్లకు 10 ఆంపియర్లు కావాలి. 100 వాట్లవి వేస్తే దాదాపు 17 ఆంపియర్లు అవుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కనుక అది సుమారు 2.8 రెట్లు పెరుగుతుంది. దీనివలన స్విచ్చు కరగడం, తీగల తొడుగు కాలి మంటలు రావడం జరగవచ్చు.

బల్బుకు అందే వోల్టేజి 10 శాతం తగ్గితే కాంతి సుమారు 30 శాతం తగ్గుతుంది. కాబట్టి ఎక్కువ వాట్ల బల్బు వేయడం మసక వెలుగుకు సరైన పరిష్కారం కాదు.

లోపాన్ని గుర్తించడం

దీపాలు వెలుగుతుండగానే వోల్టేజిని కొలవాలి. సాకెట్టును విప్పి కొలిస్తే కరెంటు ప్రవహించదు గనుక, తుప్పు పట్టిన కలయిక ఉన్నా మీటరు పూర్తి వోల్టేజినే చూపుతుంది. మీటరును బ్యాటరీ సరఫరా కొనకు, దీపం సరఫరా పిన్నుకు మధ్య పెడితే సరఫరా వైపు నష్టం తెలుస్తుంది. బ్యాటరీ ఎర్త్ కొనకు, దీపం ఎర్త్ పిన్నుకు మధ్య పెడితే ఎర్త్ వైపు నష్టం తెలుస్తుంది. ఏ వైపైనా అర వోల్టు మించితే ఆ దారిలోని కలయికలను ఒక్కొక్కటిగా పరీక్షించాలి.

* రెండు దీపాలూ మసకగా ఉంటే: రెండింటికీ ఉమ్మడిగా ఉన్న స్విచ్చులను, తీగలను చూడాలి.
* ఒక దీపంలో రెండు ఫిలమెంట్లూ మసకగా వెలిగితే: ఆ దీపానికి ఎర్త్ తెగింది. కరెంటు రెండవ ఫిలమెంటు ద్వారా, అవతలి దీపం గుండా దారి వెతుక్కుంటుంది.
* డిప్, బ్రైట్ తారుమారైతే: సాకెట్టులో తీగలు మారాయి. లూకాస్ పద్ధతిలో నీలం-తెలుపు బ్రైట్‌కు, నీలం-ఎరుపు డిప్‌కు, నలుపు ఎర్త్‌కు గుర్తు. మరమ్మతులలో రంగులు మారి ఉండవచ్చు కనుక పరీక్షించి నిర్ధారించుకోవాలి.

రిలే అమరిక

రిలే వాడితే పాత స్విచ్చు గుండా రిలే చుట్టకు కావలసిన స్వల్ప కరెంటు మాత్రమే ప్రవహిస్తుంది. డిప్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి అమర్చుతారు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగను విప్పాలి. రిలేలో 30వ పిన్నుకు బ్యాటరీ నుండి ఫ్యూజు ద్వారా సరఫరా, 87కు దీపం, 86కు పాత స్విచ్చు తీగ, 85కు ఎర్త్ కలుపుతారు. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. రిలే టిక్కుమన్నా దీపం వెలగకపోతే 30, 87 పిన్నులను, ఫ్యూజును చూడాలి. శబ్దమే రాకపోతే 85, 86 పిన్నులను చూడాలి.

జాగ్రత్తలు

కొన్ని పాత బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ధన కొన ఎర్త్‌కు కలిపి ఉంటుంది. హాలోజెన్ బల్బులకు దీనితో ఇబ్బంది లేదు గాని, ఎల్ఈడీ బల్బులు, డయోడు గల రిలేలు పనిచేయకపోవచ్చు లేదా చెడిపోవచ్చు. 22 ఆంపియర్ల డైనమో ఉన్న కారులో ఎక్కువ వాట్ల బల్బులు వేస్తే బ్యాటరీకి మిగిలే కరెంటు చాలా తక్కువ. భారతదేశంలో వాహనాలు ఎడమవైపు నడుస్తాయి కనుక దీపం గాజు కూడా అందుకు తగినదై ఉండాలి. లేనిచో డిప్‌లో కూడా ఎదురుగా వచ్చేవారి కళ్ళు మిరుమిట్లు గొలుపుతాయి. మార్పిడి పూర్తయిన తరువాత దీపాల కోణాన్ని సరిచూడాలి.

ఇవి కూడా చూడండి

* ఓమ్ నియమం
* రిలే
* హిందుస్తాన్ అంబాసిడర్