అక్కచెల్లెళ్ళను ఏడిపించినవాడి ఆట

క్రిబేజ్ అని ఇంగ్లీషువాళ్ళ పేకాట ఒకటుంది. మన రమ్మీలాగా పదమూడేసి ముక్కలూ, చుట్టూ అరడజను మందీ అక్కర్లేదు. ఇద్దరుంటే చాలు. చేతికి ఆరు ముక్కలు, పక్కన వరసగా చిల్లులు పెట్టిన చెక్కపలక, చెరి రెండు పుల్లలు. నాలుగు నెలలుగా నేను ఈ ఆట నేర్చుకుంటున్నాను. నేర్చుకుంటూ దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా తవ్వాను. అందులో మన ఆడవాళ్ళం తెలుసుకోవలసిన సంగతులు కనిపించాయి. ఇవాళ్టి కబుర్లు అవే.

నేర్పుతున్నది మా పక్కింటి పెద్దావిడ. మేం ఇంగ్లండు వచ్చి పదకొండేళ్ళయింది. ఆవిడ అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచీ ఆ ఇంట్లోనే ఉన్నారు. భర్త పోయి రెండేళ్ళు. నలభై ఏళ్ళపాటు రోజూ రాత్రిపూట ఇద్దరూ ఈ ఆట ఆడుకున్నారట. ఇద్దరాడే ఆటలో ఒకరు లేకపోతే పలక అలమరలోకి వెళ్ళిపోతుంది కదా! "నీకు కూడికలు వచ్చా?" అని ఆవిడ అడిగారు. పాల లెక్కా, చీటీల లెక్కా చూసుకునే ఇల్లాలిని, రాకేం అన్నాను. అలా మొదలైంది.

ఆట ఎలాగంటే, చెరి ఆరు ముక్కలు పంచుకుంటాం. అందులో ఇద్దరమూ రెండేసి ముక్కలు బోర్లా పక్కన పెట్టాలి. ఆ నాలుగూ కలిసి 'క్రిబ్'. క్రిబ్ అంటే పశువుల గడ్డితొట్టి. ఆ తొట్టి ముక్కలు పంచినవాళ్ళకు చెందుతుంది. పంచే వంతు మారుతూ ఉంటుంది కాబట్టి తొట్టి ఒకసారి నాది, ఒకసారి ఆవిడది. తర్వాత కట్టలోంచి ఒక ముక్క కోసి పైకి తిప్పి పెడతారు. అది ఇద్దరికీ ఉమ్మడి.

ఇక ఒక్కొక్క ముక్కా వేస్తూ పైకి లెక్క చెప్పాలి. ఆసు ఒకటి, జాకీ, రాణి, రాజు పదేసి. లెక్క 31 దాటకూడదు. సరిగ్గా 15 చేసినా, 31 చేసినా రెండు పాయింట్లు. జత పడితే రెండు, వరస పడితే ఎన్ని ముక్కలుంటే అన్ని. అన్నీ వేశాక చేతిలోవి మళ్ళీ తీసి, ఉమ్మడి ముక్కతో కలిపి విడిగా లెక్కపెట్టుకోవాలి. ఉదాహరణకు నా దగ్గర 7, 8, 8, 9 ఉన్నాయి, పైన రాజు పడ్డాడు అనుకోండి. 7కి ఒక్కో 8 కలిపితే రెండు పదిహేనులు, అంటే నాలుగు. ఎనిమిదుల జతకు రెండు. 7-8-9 వరస రెండు రకాలుగా వస్తుంది, దానికి ఆరు. మొత్తం 12. ఎవరు ముందు 121 చేరితే వాళ్ళు గెలిచినట్టు.

పలక మీద ఒక్కొక్కరికి రెండు పుల్లలు ఎందుకో తెలుసా? వెనకున్న పుల్లను తీసి ముందు పుల్లను దాటించి గుచ్చుతాం. రెంటికీ మధ్య దూరం చూస్తే ఇప్పుడే ఎన్ని పాయింట్లు వేసుకున్నామో ఎదుటివాళ్ళకు కనిపిస్తుంది. నోటిలెక్క కాదు, దాపరికం లేదు. ఈ ఏర్పాటు నాకు భలే నచ్చింది.

ఈలోగా ఆర్నెల్లుందామని మా అమ్మ ఇండియా నుంచి వచ్చింది. భోజనాల బల్ల మీద పేకముక్కలు చూసి, "ఈ దరిద్రాన్ని ఇంట్లోకి ఎందుకు తెచ్చావే?" అంది. అమ్మకు ఆ కోపం ఊరికే రాలేదు. మా తాతయ్య పేకాటలో ముందు అమ్మమ్మ కాసులపేరు పోయింది. తర్వాత కాలవ కింద ఎకరంన్నర మాగాణి పోయింది. అమ్మమ్మ ఎవరితోనూ ఏమీ అనలేదట. మెడలో పసుపుతాడు ఒక్కటే మిగిలాక చుట్టాల పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేసిందట, అంతే. అందుకే మా పుట్టింట్లో సంక్రాంతికి కూడా పేకముక్క పడేది కాదు. "డబ్బు పెట్టి ఆడటం లేదమ్మా" అన్నాను. "ఏ ఆటైనా మొదలు సరదాయే. ఈ ఆట పుట్టినప్పుడు మాత్రం డబ్బు పెట్టకుండా పుట్టిందా?" అంది.

సమాధానం కోసం వెతికితే తేలిందేమిటంటే, అమ్మ అన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం!

ఇంగ్లండులో అంతకు ముందు నుంచే 'నాడీ' అనే చిన్న పేకాట ఉండేది. దానికి మెరుగులు దిద్ది క్రిబేజ్ తయారు చేసినవాడు సర్ జాన్ సక్లింగ్ అని చెబుతారు. 1609లో పుట్టాడు. కవి, మొదటి చార్లెస్ రాజు కొలువులో షోకిలా. తండ్రి పోయేసరికి ఇంకా ఇరవై నిండలేదు, ఆస్తంతా చేతికొచ్చింది. అదే శతాబ్దంలో జాన్ ఆబ్రీ అనే ఆయన ఎందరో ప్రముఖుల జీవితాల గురించి రాసిపెట్టాడు. క్రిబేజ్ సక్లింగ్ సృష్టే అని రాసింది ఆయనే. తన కాలంలో ఇంత జూదగాడు మరొకడు లేడనీ రాశాడు. రహస్యపు గుర్తులు పెట్టిన పేకకట్టలను సక్లింగ్ దేశంలోని జూదశాలలన్నిటికీ పంపాడట. ఆ దారిలో ఇరవై వేల పౌన్లు రాబట్టాడట. ఆ రోజుల్లో అది రాజులపాటి సొమ్ము.

ఆబ్రీ రాసిన ఇంకో సంగతి దగ్గర నేను ఆగిపోయాను. లండన్‌లో పికడిల్లీ దగ్గర బంతులు దొర్లించి పందేలు కాసే మైదానం ఒకటుండేది. సక్లింగ్ అక్కచెల్లెళ్ళు అక్కడికి ఏడుస్తూ వచ్చారట. తమ వాటాకు రావలసిన సొమ్మంతా ఎక్కడ పోగొడతాడో అని! ఆ కాలపు ఆడపిల్లకు ఆ సొమ్మంటే పెళ్ళి, పెళ్ళంటే బతుకు. ఆట ఆడేది అతను, ఒడ్డున పెట్టేది వాళ్ళ బతుకులు. మన ధర్మరాజు జూదంలో ద్రౌపదిని అడిగి పందెం ఒడ్డాడా? మా తాతయ్య అమ్మమ్మను అడిగాడా? సక్లింగ్ చివరికి రాజకీయ కుట్రలో ఇరుక్కుని 1641లో ఫ్రాన్సుకు పారిపోయాడు. ఆ పరాయి దేశంలోనే నడివయసు రాకుండానే పోయాడు.

అతను పోయినా ఆట నిలిచింది. 1674లో అచ్చయిన 'కంప్లీట్ గేమ్‌స్టర్' అనే పుస్తకంలో క్రిబేజ్ ఎలా ఆడాలో ఉంది. చార్లెస్ కాటన్ రాశాడంటారు. అప్పుడు ఐదేసి ముక్కలతో 61 దాకా ఆడేవారు. ఆరు ముక్కలూ, 121 తర్వాత వచ్చినవి. రాజు కొలువు నుంచి ఆట మెల్లగా పల్లెల్లోని పబ్బులకూ, ఇళ్ళలో చలిమంటల పక్కకూ దిగివచ్చింది.

ఆ దిగిరావడం నాకు బాగా కనిపించింది 1840-41లో వచ్చిన చార్లెస్ డికెన్స్ నవల 'ఓల్డ్ క్యూరియాసిటీ షాప్'లో. అందులో ఒక లాయరు ఇంట్లో నేలమాళిగ వంటింట్లో పనిపిల్ల ఉంటుంది. పేరు కూడా తెలియని పిల్ల. కడుపునిండా తిండి పెట్టరు, బయటికి రానివ్వరు. మనిషి తోడు కోసం తాళంచెవి కన్నంలోంచి చూస్తుంటుంది. ఆ ఆఫీసులో గుమాస్తా డిక్ స్వివెలర్ ఆ సంగతి కనిపెట్టి ముందు అన్నం పెట్టిస్తాడు, తర్వాత క్రిబేజ్ నేర్పుతాడు. పందెం కూడా ఉంటుంది. రెండు ఆరు పెన్నీల నాణేలు సాసర్లో వేస్తాడు. పనిపిల్ల దగ్గర డబ్బెక్కడిది? వేసింది అతనే. సరదాకి ఆ పిల్లను 'మార్షనెస్' అంటాడు, అంటే జమీందారిణి లాంటి మాట.

తర్వాత అతనికి విషజ్వరం వస్తే ఆ పిల్ల ఇల్లు వదిలి పారిపోయి వచ్చి సేవ చేస్తుంది. మందుల కోసం అతని బట్టలన్నీ అమ్మేస్తుంది. మూడు వారాల తర్వాత అతను కళ్ళు తెరిచి చూస్తే, పిల్ల బల్ల దగ్గర తనతో తనే క్రిబేజ్ ఆడుకుంటూ ఉంటుంది. కోసి తిప్పిన ముక్క జాకీ అయితే పంచినవాళ్ళకు రెండు పాయింట్లు వస్తాయి, 'మడమలకు రెండు' అంటారు. ఆ పిల్ల ఆ రెండూ వేసుకోవడం మరిచిపోతుంది. మంచంలోంచి అతను ఓపికంతా కూడదీసుకుని ఆ మాటే అరుస్తాడు. బతికాడు అని మనకు తెలిసేది ఆ కేకతోనే! తర్వాత ఆ పిల్లను చదివించి పెళ్ళి చేసుకుంటాడు. ఇద్దరూ కలిసి లక్షల ఆటలు ఆడారని డికెన్స్ ముగిస్తాడు. ఈ కథ చెబితే మా పక్కింటావిడ కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, "మావి లక్షలు కావు, వేలల్లో ఉంటాయి" అన్నారు.

ఇంగ్లండు చట్టం కూడా ఈ ఆటను వేరుగా చూసింది. 1968 జూద చట్టం ప్రకారం పబ్బుల్లో ప్రత్యేక అనుమతి లేకుండా ఆడుకోనిచ్చినవి రెండే, డామినోలు, క్రిబేజ్. అదే రోజుల్లో, 1967లో, సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో మన సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అంది. అయినా ఫోన్లలో డబ్బు పెట్టి ఆడే రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. నైపుణ్యం ఉన్న ఆటలో కూడా కొంప ములగవచ్చు. ములిగేది ముక్కల వల్ల కాదు, బల్ల మీద పెట్టినదాని వల్ల.

ఏమీ పెట్టకుండా ఆడినా ఈ ఆటలో మజా తగ్గదు. ఒక చేతికి రాగలిగిన అత్యధిక పాయింట్లు 29. మూడు అయిదులూ ఒక జాకీ చేతిలో ఉండి, పైన తిరిగిన నాలుగో అయిదు ఆ జాకీ రంగుదే కావాలి. 2,16,580 చేతుల్లో ఒకసారి వస్తుందని లెక్క. 1943 ఏప్రిల్‌లో 'వాహూ' అనే అమెరికా జలాంతర్గామిలో కెప్టెన్ మోర్టన్ పంచితే రిచర్డ్ ఓకేన్‌కు ఆ చేయి పడింది. ఓకేన్ క్రిబేజ్ పలకను పసిఫిక్ దళంలోని అన్నిటికన్నా పాత దాడి జలాంతర్గామిలో ఉంచడం వాళ్ళ ఆనవాయితీ.

ఇదంతా అమ్మకు పూసగుచ్చినట్టు చెప్పాను, అక్కచెల్లెళ్ళ ఏడుపుతో సహా. "చూశావా!" అంది. మర్నాడు మేం ఆడుతుంటే వచ్చి కూర్చుంది. వామనగుంటల్లో చింతగింజలు చూపుతోనే లెక్కపెట్టే మనిషి కదా, మూడో రోజుకు పదిహేనులు నాకన్నా ముందు చెప్పడం మొదలుపెట్టింది. ముక్కలు మాత్రం ఇప్పటికీ ముట్టుకోదు. నా పుల్లలు తనే జరుపుతుంది. మా ఇంట్లో ఇప్పుడు ఒక నియమం ఉంది. పలక బల్ల మీద ఉండగా పర్సు తీయకూడదు. అది అమ్మ పెట్టిందే.

మీకూ నేర్చుకోవాలనిపిస్తే పలక కొనక్కర్లేదు. రెండు గిన్నెలూ, చింతగింజలూ చాలు. మొదటి వారం గెలుపు సంగతి వదిలేసి, చేతిలో పదిహేనులు ఎన్ని రకాలుగా వస్తాయో లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి. ఎదుటివాళ్ళు మరిచిపోయిన పాయింట్లను 'మగిన్స్' అని మనం వేసుకునే పాత నియమం ఒకటుంది, కొత్తవాళ్ళతో అది వద్దు. ఇంకొక్క మాట. తొట్టి ఎదుటివాళ్ళదైనప్పుడు అందులో అయిదు వేయకండి. కట్టలో పది విలువున్న ముక్కలు పదహారున్నాయి, ఏది కలిసినా వాళ్ళకు పదిహేనే!